మీటరు పలికే మనిషి

ఆ వేసవిలో వంతెన పనిలో ఉన్న పెద్ద క్రేను రోజూ ఎవరో ఒకరి చేత మమ్మల్ని తిట్టించందే ఊరుకునేది కాదు. పొద్దున్న చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేసేది. ఎండెక్కాక, దూలం గాల్లోకి లేచి సగం దూరం వెళ్ళాక, ఉన్నట్టుండి హారన్ మోగించి బిగుసుకుపోయేది. అంత బరువూ అక్కడే వేలాడుతుండేది. కింద పనిచేసేవాళ్ళు పనిముట్లు పారేసి పక్కకి పరిగెత్తేవాళ్ళు. క్రేను నడిపే కొంగ క్యాబిన్లోంచి తల బయటపెట్టి, ఆ పొడుగాటి మెడ సాచి, నా వైపు చూసి చేతులు జోడించేవాడు. అతని మెడ చూసే ఆ పేరు పెట్టారు.

క్రేను చెయ్యిని బూమ్ అంటాం. అది ఎంత వంపులో ఉందో చెప్పడానికి కొసన ఒక సెన్సర్ ఉంటుంది. అరచేతిలో పట్టే నల్లడబ్బా. అది పంపే లెక్క చూసుకుని, ఇంత బరువు ఎత్తొచ్చా, ఎత్తితే బండి బోర్లా పడుతుందా అని లోపలి కంప్యూటర్ తేల్చుకుంటుంది. లెక్క ఒక్క రెప్పపాటు తప్పినా భయపడి అన్నీ ఆపేస్తుంది. ఆ రెప్పపాటు ఎందుకు తప్పుతోందో పట్టుకోవడం మా పని. మా అంటే అన్నయ్యదీ నాదీ.

చచ్చిపోయిన సెన్సర్‌తో ఏ బాధా లేదు. తీసి కొత్తది పెడితే సరిపోతుంది. ప్రాణాలు తీసేది ఉండీ లేనట్టుండే తప్పు. వైరు లోపల ఒక పోగు తెగి ఉంటుంది, కదిపితే అంటుకుంటుంది, వదిలితే విడిపోతుంది. దాన్ని పట్టడానికి ఇద్దరు కావాలి. ఒకడు వైరు వెంట జానెడు జానెడు కదుపుతూ, తన చెయ్యి ఎక్కడుందో అరిచి చెబుతూ పోవాలి. ఇంకొకడు క్యాబిన్లో మీటరు ముందు కూర్చుని అంకె పలకాలి. అంకె ఎక్కడ ఎగిరితే అక్కడుంది తప్పు. కదిపేది నేను. పలికేది అన్నయ్య. బడి మానేసి ఆయన వెనకాల షెడ్డుకి వెళ్ళిన రోజు నుంచీ అంతే. పలికే పనిలో ఏముంది, కూర్చుని చూడటమేగా అని నా లోపల ఎప్పుడూ ఉండేది. గ్రీజు పూసుకునేది నేను, మోకాళ్ళు దోక్కునేది నేను.

పేరు కూడా నాకే వచ్చింది. తప్పుని వాసన చూసి పట్టేస్తానని సైటంతా నన్ను ముక్కు అనేవాళ్ళు.

వేసవి మొదట్లో, ఈ క్రేను గొడవ ఇంకా మొదలుకాక ముందు, ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. ఆ రోజు మట్టి ఎత్తిపోసే లోడరు ఒకటి బాగు చేసి వచ్చాం. అన్నయ్యా నేనూ పక్కపక్కన భోజనానికి కూర్చున్నాం. వదిన వడ్డిస్తోంది. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. రెండు కాపురాలకీ వంటిల్లు ఒక్కటే.

"నలుగురు చూసి వదిలేసిన బండి వదినా అది," అన్నాను. "కంపెనీ వాడు కూడా చేతులెత్తేశాడు. నేను అట్లా పంపు పక్కనుంచి చెయ్యి పోనిచ్చానో లేదో, ఇక్కడే ఏదో ఉందనిపించింది. అన్నయ్య పైనుంచి ఎగిరింది అన్నాడు. చూస్తే వైరు క్లిప్పు కింద నలిగిపోయి ఉంది."

"అనిపించిందా," అంది వదిన.

"అదంతే. కొందరికి చేతిలో ఉంటుంది."

"ఉంటుంది, ఉంటుంది," అంది వదిన. మా ఆవిడ ఏదో పొంగుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

అన్నయ్య తల వంచుకుని తింటున్నాడు. "వీడి చేతులు బంగారం," అన్నాడు.

*

క్రేను దగ్గరికి మమ్మల్ని మొదటిసారి పిలిచింది ఎండలు ముదిరాక. నది మధ్యలో ఇసుక మేట మీద నిలబెట్టారు దాన్ని. వానలు పడితే ఆ మేట నీళ్ళలోకి పోతుంది. ఆలోపు దూలాలన్నీ ఎక్కాలి. అందుకని పని ఆపడానికి లేదు.

అన్నయ్యకి ఒక అలవాటుండేది. రేపు ఏ బండి చూడాలో దాని దగ్గరికి ముందు రోజు సాయంత్రమే వెళ్ళి, ఒక గుడ్డ పట్టుకుని వైర్లన్నీ తుడిచి వచ్చేవాడు. మురికి మీద పనేం చేస్తావురా అనేవాడు. పెద్దవాళ్ళ చాదస్తం, పోనీలే అనుకునేవాణ్ణి. ఆ రోజు క్రేను ముందు నిలబడి తల పైకెత్తి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"దీన్ని ఒకసారి కిందికి దించుతావా?" అని కొంగని అడిగాడు.

"దించితే మళ్ళీ లేపేసరికి సగం పూట పోతుంది పెద్దాయనా. ఇన్‌చార్జి నా తోలు వలుస్తాడు."

"వైరు చూడాలయ్యా."

"చూడండి. పైకి తీసుకెళ్ళే బుట్ట ఉందిగా. మీ తమ్ముణ్ణి ఎక్కించండి. మీరు హాయిగా నా సీట్లో కూర్చోండి, ఫ్యానుంది."

అలాగే చేశాం. మనుషుల్ని ఎత్తే బుట్టలో నేను బూమ్ పక్కనే పైకి పోయాను. క్యాబిన్లో అన్నయ్య మీటరు తగిలించుకుని కూర్చున్నాడు. అంత దూరం అరుపులు వినపడవు గనక ఇద్దరి దగ్గరా వాకీటాకీలు. సైటులో ఇంకొందరి దగ్గరా ఉంటాయవి. మేం మాట్లాడుకునేది వాళ్ళందరికీ వినపడుతుంది. హారన్ వైరు ముందే ఊడదీసి పెట్టుకునేవాళ్ళం, లేకపోతే వెతికినంతసేపూ మోగుతూ చెవులు పోతాయి.

సగం పైకి వెళ్ళేసరికి అన్నయ్య "ఎగిరింది" అన్నాడు. అక్కడ వైరు కోసి, కొత్త ముక్క వేసి అతికాను. మర్నాడు మధ్యాహ్నం క్రేను మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ ఎక్కాను. ఈసారి ఇంకా పైన "ఎగిరింది" అన్నాడు. అక్కడా కోశాను. అదీ కాదు. సెన్సర్ మార్చాం. కొత్త సెన్సర్ ఒక పూట బాగానే ఉంది, తర్వాత మామూలే. అదే చెడ్డదేమోనని ఇంకొకటి తెప్పించాం.

ఇన్‌చార్జి కుర్రవయసు మనిషి. అరవడు. నవ్వుతూ అంటాడు, అదే పెద్ద నొప్పి. నేను బుట్ట దిగగానే అందరి ముందూ దగ్గరికి వచ్చి, "ఏం ముక్కూ, జలుబు చేసిందా?" అన్నాడు.

జనం నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

"చూడు," అన్నాడు భుజం మీద చెయ్యి వేసి. "ఇవాళ దూలం సగంలో ఆగినప్పుడు దాని కింద నా మనుషులున్నారు. ఇంకోసారి ఇలా అయితే అన్నదమ్ములిద్దరూ హెల్మెట్లు ఇచ్చేసి వెళ్ళండి. ఈ సైటే కాదు, మా వాళ్ళు పనిచేసే ఏ సైటూ ఉండదు మీకు. వేరే వాళ్ళని పిలుచుకుంటాను."

ఇంటికి వచ్చేటప్పుడు అన్నయ్యకి చెప్పాను. దారి పొడుగునా నా భుజం పట్టుకుని నడిచాడు. అలసిపోయాడేమో అనుకున్నాను.

*

మర్నాడు బుట్టలో ఉన్నాను. ఎండకి బూమ్ ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. దాహం వేసి వైరు వదిలేసి సీసా ఎత్తాను. రెండు చేతులూ సీసా మీదే ఉన్నాయి.

"అదిగో, ఎగిరింది," అంది వాకీటాకీ. "అక్కడే. మళ్ళీ కదుపు."

నేను కదపనే లేదు. నీళ్ళు మింగి, సీసా మూత పెట్టి, "ఇక్కడేనా?" అన్నాను.

"అక్కడే. గట్టిగా చూడు."

వైరు దానంతటదే కూడా ఎగరొచ్చు. గాలికి, వేడికి. అదే అనుకుందామని చూశాను. కానీ ఆయన గొంతులో ఏదో తేడా ఉంది. అంకె చూసి చెప్పే గొంతు వేరు. ఇది ఊహించి చెప్పే గొంతు.

ఆ సాయంత్రం అన్నయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. గోడకి మేకు ఉంది, దాని మీద తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు గాలికి కింద పడింది. ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. ఆయన చెయ్యి మేకు మీదికి వెళ్ళింది, ఏమీ దొరకలేదు. గోడంతా తడిమాడు. మేకు ఇటు పక్కా, అటు పక్కా. తల తిప్పాడు, కిందికి చూశాడు. తువ్వాలు మీదే చూపుంది. అయినా మళ్ళీ గోడనే తడిమాడు.

నేను లేచి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. చూస్తూ కూర్చున్నాను.

వదిన వంటింట్లోంచి పిలవకుండానే వచ్చింది. నన్ను చూసింది. తువ్వాలు తీసి ఆయన చేతిలో పెట్టి, "నేనే ఉతకడానికి తీశాను" అంది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అప్పుడే తెలిసింది నాకు ఆ ఇంట్లో అది కొత్త కాదని.

*

తెల్లవారి ఎప్పట్లానే ఇద్దరం వెళ్ళాం. అన్నయ్యని క్యాబిన్ ఎక్కించాను. మీటరు తీగలు నేనే తగిలించి చేతిలో పెట్టాను. బుట్ట పైకి పోతుంటే కింద కొంగ, ఇన్‌చార్జి, దూలాలు కట్టే వాళ్ళూ నీడలో నిలబడి ఉన్నారు. అందరూ తలలెత్తి నన్నే చూస్తున్నారు. ఇన్‌చార్జి వాకీటాకీ నడుముకి ఉంది.

బూమ్ కొసకి వెళ్ళాను. సెన్సర్ దగ్గర ఆగాను.

"ఇప్పుడెంత?"

"రెండు పాయింట్ ఆరు."

ప్లగ్గు క్లిప్పు మీద బొటనవేలు పెట్టి లాగాను. ఊడి వచ్చింది. ఇక మీటరుకి సున్నా తప్ప ఏమీ కనపడటానికి వీల్లేదు.

"ఇప్పుడు?"

"రెండు పాయింట్ ఆరే. కదల్లేదు."

ప్లగ్గుని బుట్ట బయటికి చాపి, కిందవాళ్ళకి కనపడేలా పట్టుకున్నాను. ముందు కొంగ చూశాడు. ఇన్‌చార్జి మోచేతిని పొడిచి చూపించాడు.

"ఇప్పుడు?"

"ఉండు. అంతే ఉంది. ఇంకొంచెం ముందుకి పో."

నేను ఉన్న చోటే ఉన్నాను. "పోయాను. ఇప్పుడు?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు చూడు అన్నయ్యా. బాగా చూసి చెప్పు."

ఈసారి ఆయన గొంతు హుషారుగా వచ్చింది. "అదిగో. ఎగిరింది. రెండు నుంచి మూడుకి ఎగిరింది. దొరికిందిరా చిన్నోడా. వదలకు, అక్కడే పట్టుకో."

కింద ఎవరో నవ్వారు. ఇన్‌చార్జి వాకీటాకీ చేతిలోకి తీసుకుని ఉన్నాడు, బటన్ నొక్కే ఉంది. ఆ నవ్వు, దాని వెనకాల మిగతావాళ్ళ నవ్వూ అలాగే క్యాబిన్లోకి వెళ్ళాయి.

"చిన్నోడా?" అన్నాడు అన్నయ్య.

"ప్లగ్గు నా చేతిలో ఉందన్నయ్యా," అన్నాను.

నాకప్పుడు కోపం కూడా లేదు. బూమ్ మీద చెయ్యి పెడితే కాలింది, తీసేశాను. అంతే గుర్తుంది.

పైనుంచి చూస్తున్నాను. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. ఆయన వెనక్కి తిరిగి, ఒక కాలు కిందికి వదిలి మెట్టు కోసం వెతుకుతున్నాడు. కాలు గాల్లో అటూ ఇటూ ఊగింది. ఎన్నిసార్లు దిగిన మెట్లో అవి. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. ఇన్‌చార్జి మాత్రం నవ్వు ఆపుకుని, "కరెంటు పనికి పిలిస్తే జోస్యం చెబుతున్నాడేంటయ్యా ఈయన," అన్నాడు. అదీ వాకీటాకీలోనే.

నేను కిందికి దిగేసరికి ఆయన హెల్మెట్ ఇన్‌చార్జి కుర్చీ మీద ఉంది. కొంగ ఆయన చెయ్యి పట్టుకుని ఇంటి దగ్గర దింపడానికి తీసుకెళ్ళాడట.

*

ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తలుపు తీసే ఉంది. వదిన వంటింటి గడప మీద కూర్చుంది. మా ఆవిడ ఆమె పక్కన. నాకు మంచినీళ్ళు ఎవరూ ఇవ్వలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"పోయినేడు వానల ముందు నుంచి," అంది వదిన. "నడవడానికి చూపుంది. ఎదురుగా ఏది చూసినా దాని మధ్యలో మసి పూసినట్టుంటుందట. చదవడానికి లేదు. ఆపరేషన్‌కి కూడా లొంగదన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి?"

నేను చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాను.

"ఇవాళ చేసిందే చేసేవాడివి," అంది. "కాకపోతే అప్పుడే చేసేవాడివి. అందుకే చెప్పలేదు. ఇన్నాళ్ళన్నా ఆయన తల ఎత్తుకుని పనికి వెళ్ళొచ్చారు."

"కింద మనుషులున్నారు వదినా. ఆయన నోటికొచ్చిన అంకెకి ఆ దూలం వాళ్ళ మీద పడితే?"

"పడేదేమో. కాదనను. అయితే క్యాబిన్లోకి వెళ్ళి చెవిలో చెప్పొచ్చుగా. అన్నయ్యా, నాకు తెలిసిపోయింది, ఇక మానేద్దాం అని. ఊరంతా వినేలా ఎందుకు అడిగావు? ఒకసారి అడిగితే తెలిసిపోయిందిగా. మళ్ళీ ఎందుకడిగావు? ఆ తర్వాత మళ్ళీ ఎందుకడిగావు?"

కొంగ అంతా చెప్పేశాడన్నమాట.

"అడిగాను. అడగాలనిపించింది," అన్నాను. "నా మొహం మీద నవ్వినప్పుడు మీరెవరూ లేరక్కడ. గుడ్డిమాటలు పట్టుకుని వైర్లు కోసింది నేను, నాకు పని రాదనిపించుకుంది నేను. అయినా ఇంతకాలం ఆ మాటల మీదే ఇన్ని బండ్లు బాగు చేశానంటే, నా చేతిలో విద్య ఉంది గనక సరిపోయింది. వేరేవాడైతే ఎప్పుడో బయటపడేది."

మా ఆవిడ నవ్వింది. అదేదో చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు కాదు.

"ఏ విద్యండీ?" అంది.

"వద్దులేవే," అంది వదిన.

"చెప్పనీ అక్కా. ఎన్నాళ్ళని వింటాం." నా వైపు తిరిగింది. "బావగారు ముందు రోజు సాయంత్రం వెళ్ళి బండి తుడుస్తారనుకున్నారుగా మీరు. తుడవడం కాదు. వైరు మొత్తం వేళ్ళతో తడిమి వచ్చేవారు. ఎక్కడ మెత్తబడింది, ఎక్కడ వేడెక్కి బిరుసెక్కింది, ఎక్కడ లోపల పోగు తెగి జారుతోంది, అంతా. ఇంటికొచ్చి అక్కకి చెప్పేవారు, రేపు పంపు పక్కన క్లిప్పు దగ్గర దొరుకుతుందని. మర్నాడు మీరు అరుస్తూ పోతారుగా, పంపు దగ్గరున్నా, క్లిప్పు దాటుతున్నా అని. క్లిప్పు అనగానే ఎగిరింది అనేవారు. మీటరు ఏ గోడకి తిరిగి ఉంటే ఆయనకేంటి."

"అన్ని బండ్లూనా?"

"అన్నీ. మీరు కంచం ముందు కూర్చుని చెబుతుంటే మాకు ముందే తెలిసిన కథే. అయినా మీరు చెబితే బాగుండేది."

నేను గదిలోకి చూశాను. అన్నయ్య అటు తిరిగే ఉన్నాడు. నిద్రపోవడం లేదు. ఊపిరి తెలుస్తోంది.

"ఆ బూమ్ ఒక్కసారి కిందికి దించి ఉంటే," అన్నాడు గోడతో.

*

నేను నమ్మలేదు. ఇద్దరాడవాళ్ళూ కలిసి ఆయన పరువు నిలబెట్టడానికి అల్లిన మాటలు అనుకున్నాను. ఇన్‌చార్జి నన్ను మాత్రం ఉంచాడు. స్టోర్లో పనిచేసే మనిషిని మీటరు ముందు కూర్చోబెట్టాడు, కళ్ళజోడు కూడా లేదు అతనికి, అంత మంచి చూపు. నేను బూమ్ మొదలు నుంచి కొస దాకా ప్రతి జానా కదిపాను. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. అంకె ఎక్కడా కదల్లేదు. మధ్యాహ్నం దూలం ఎత్తగానే హారన్ మోగింది.

పక్క యార్డు నుంచి ఎడంచేతివాటం మనిషి ఒకణ్ణి పిలిపించారు. అతను పైకి ఎక్కనే లేదు. బూమ్ సాగినప్పుడు వైరు విప్పుకునే చుట్ట ఒకటి కిందే ఉంటుంది. దాని డబ్బా మూత తీశాడు. లోపల వైరుకి కరెంటు అందిస్తూ గీసుకుంటూ తిరిగే బొగ్గుముక్క అరిగి సన్నబడింది. వేడికి వదులై ఉండీ లేనట్టు తగులుతోంది. కొత్త ముక్క వేసి, మూత బిగించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ మూత నేను రోజూ దాటి బుట్ట ఎక్కేవాణ్ణి.

"మీ అన్నకి కళ్ళు లేవు, సరే," అన్నాడు ఇన్‌చార్జి నవ్వుతూ. "నీకేమైంది?"

వానలు మొదలైన వారంలో అన్నయ్యా వదినా ఇల్లు మారారు. బజారు చివర కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుట్టే షెడ్డు ఉంది. దాని వెనక గది. చుట్టేవాడికి చూపు కంటే వేళ్ళు ముఖ్యం. మా ఆవిడ వాళ్ళ సామానంతా దగ్గరుండి బండికి ఎక్కించింది. వదిన వంటింట్లో తన గిన్నెలు ఏరుకుంటుంటే, నావి కూడా తీసుకెళ్ళక్కా అంది. తీసుకెళ్ళలేదు వదిన. ఆ తర్వాత మా ఆవిడ నాతో మాట్లాడాల్సినవే మాట్లాడుతుంది. కంచం పెడుతుంది, ఏదైనా చెప్పబోతే వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ వానాకాలమంతా నాకు ఏ బండీ లొంగలేదు. ఒక రోలరు, నేల చదును చేసే గ్రేడరు ఒకటి. పాతవాళ్ళే, నన్ను నమ్మి పిలిచినవాళ్ళే. వైరు కదిపాను, మార్చాను, సెన్సర్లు మార్చాను. చివరికి వేరేవాళ్ళు వచ్చి బాగు చేసి వెళ్ళారు. ఆఖరున ఒక లోడరు యజమాని పిలిచి, "రేపటిదాకా చూస్తాను, ఆపైన నువ్వు ఇటు రావద్దు," అన్నాడు. అదొక్కటే మిగిలింది నాకు. ఆ సాయంత్రం ఎవరూ లేకుండా చూసి ఒక గుడ్డ పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని వైరంతా వేళ్ళతో తడిమాను. ఒకసారి కాదు. ఎక్కడ పట్టుకున్నా వైరు వైరులాగే ఉంది. మెత్తనా తెలియలేదు, బిరుసూ తెలియలేదు.

అక్కడి నుంచే షెడ్డుకి నడిచాను. తప్పయిపోయిందని చెప్పడానికి కాదు. అనుకోకండి. ఆ లోడరు ఒక్కదాన్నీ వచ్చి ఒకసారి చేత్తో చూసి పొమ్మని అడగడానికి. అంతే.

జల్లు పడుతోంది. షెడ్డు తలుపు సగం తీసి ఉంది. అన్నయ్య నేల మీద మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. తీగ పోగుల్ని ఒక్కొక్కటే గాడిలోకి దింపుతూ, బొటనవేలితో అదుముతున్నాడు. మోటారుని చూడటం లేదు. మొహం పక్కకి తిరిగి ఉంది. ఎదురుగా వదిన తీగలకి అడ్డుగా గాడిలో పెట్టే కాగితం కత్తెరతో కత్తిరించి అందిస్తోంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన ఏదో అంటే వదిన నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో ఉండగా ఎప్పుడూ వినలేదు నేను.

గడప మీద కాలు పెట్టాను. వదిన నన్ను చూసింది. కత్తెర ఆగింది.

"ఎవరు?" అన్నాడు అన్నయ్య.

తడిసి ఉన్నానేమో, దగ్గొచ్చింది. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద నేను దగ్గితే ఆయన లేచి కూర్చునేవాడు. ఆ దగ్గు ఆయన ఎరగనిది కాదు.

వదిన నా కళ్ళలోకి చూస్తూనే ఉంది. "ఎవరూ లేరు," అంది.

ఆయన వేళ్ళు తీగ మీదే ఆగాయి. తల కొంచెం వాల్చి, నా వైపు చెవి పెట్టాడు. అన్నయ్యా అంటే చాలు. నోరు తెరిచాను కూడా. ఆ బండి సంగతి, లోడరు యజమాని అన్న మాట, అన్నీ గొంతు దాకా వచ్చి ఉన్నాయి.

"లేరా," అన్నాడు. మళ్ళీ తీగ మీదికి వంగాడు. "అయితే తలుపేసెయ్. జల్లు లోపలికి కొడుతోంది."

వదిన లేచి వచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. నా కాలు ఇంకా గడప మీదే ఉంది. దాని వైపు చూస్తూ, నేను తీసుకునేదాకా ఆగింది.